హెపటైటిస్ సి: వ్యాప్తి, దీర్ఘకాలిక ప్రభావాలు – వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతం

హెపటైటిస్ సి రక్తం ద్వారా సోకే ఒక వైరస్ వల్ల కాలేయానికి వచ్చే వ్యాధి. సోకినవారిలో ఎక్కువమందికి ఇరవై, ముప్ఫై ఏళ్ల దాకా ఏ బాధా తెలియదు. ఆ తర్వాత కొందరిలో కాలేయం గట్టిపడి సిర్రోసిస్‌కు దారితీస్తుంది, వారిలో కొందరికి కాలేయ క్యాన్సర్ వస్తుంది. ఈ వైరస్‌కు టీకా లేదు. కానీ 12 వారాల పాటు మాత్రలు వేసుకుంటే నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. ఒంట్లో ఏళ్ల తరబడి తిష్ఠ వేసే వైరస్ వ్యాధుల్లో మందులతో సమూలంగా పోయేది ఇదొక్కటే. ప్రభుత్వం ఆ మందులను ఉచితంగా ఇస్తోంది. అయినా ఈ వ్యాధితో మనుషులు చనిపోతూనే ఉన్నారంటే కారణం, ఉన్నట్టు తెలియకపోవడమే. పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) పల్లెల్లో ఇది ఎలా తెలియకుండా పోతుందో, తెలుసుకునే దారి ఏమిటో ఈ వ్యాసం ప్రధానంగా చర్చిస్తుంది.

ఎంతమందికి ఉంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మంది దీర్ఘకాలిక హెపటైటిస్ సితో జీవిస్తున్నారు. ఏటా సుమారు 10 లక్షల మందికి కొత్తగా సోకుతోంది. 2022 ఒక్క ఏడాదిలో దీనివల్ల చనిపోయినవారు సుమారు 2 లక్షల 42 వేల మంది. రోగుల సంఖ్యలో పాకిస్తాన్ 88 లక్షలతో మొదటి స్థానంలో ఉంది. భారతదేశంలో 55 లక్షల మంది ఉంటారని అంచనా.

మన దేశంలో వ్యాప్తి అన్నిచోట్లా ఒకేలా లేదు. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సేకరించిన రక్త నమూనాలను పరీక్షించి కేంద్ర ప్రభుత్వం 2021లో వెలువరించిన నివేదికలో హెపటైటిస్ సి యాంటీబాడీలు 0.32 శాతం మందిలో కనిపించాయి. హెపటైటిస్ బి 0.95 శాతం మందిలో ఉంది. ఈ సగటు వెనుక పెద్ద ఎగుడుదిగుళ్లున్నాయి. పంజాబ్, హర్యానాలలోని కొన్ని ప్రాంతాల్లోనూ, సూదితో మత్తుమందులు ఎక్కించుకునే అలవాటు పాకిన మణిపూర్, మిజోరం రాష్ట్రాల్లోనూ వ్యాధి చాలా ఎక్కువ. పంజాబ్‌లో జరిపిన ఒక అధ్యయనంలో 3.6 శాతం మందిలో యాంటీబాడీలు బయటపడ్డాయి. తెలుగు రాష్ట్రాలకు ఆ స్థాయి తీవ్రత లేదు.

వనపర్తి జిల్లా 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడింది. జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాలు కూడా అదే రోజు ఏర్పడ్డాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి వనపర్తి జిల్లా పరిధిలో 5 లక్షల 77 వేల మంది ఉన్నారు. దేశ సగటును ఈ సంఖ్యకు వర్తింపజేస్తే సుమారు 1,850 మందిలో యాంటీబాడీలు ఉండాలి. వారిలో మూడోవంతుకు కాస్త తక్కువ మందికి వైరస్ దానంతట అదే పోయి ఉంటుంది కాబట్టి, ఇప్పటికీ వైరస్ మోస్తున్నవారు 1,300 దాకా తేలతారు. ఇది ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టిన సంఖ్య కాదు, దేశ సగటు మీద వేసిన లెక్క మాత్రమే. మూడు వేల జనాభా ఉన్న ఊరికి అన్వయిస్తే తొమ్మిది, పది మంది. అందులోనూ ఈ వ్యాధి ఊళ్లన్నిటా సమంగా పరుచుకోదు. ఒకే చోట సూదులు వేయించుకున్నవాళ్లలో, ఒకే డయాలసిస్ కేంద్రానికి వెళ్లినవాళ్లలో గుంపుగా బయటపడుతుంది. పక్క ఊళ్లో ఒక్కరికీ ఉండకపోవచ్చు.

తక్కువ వ్యాప్తి మంచిదే, కానీ దానికి ఒక చెడు పార్శ్వం ఉంది. పంజాబ్‌లో కాలేయ జబ్బుతో వచ్చిన మనిషికి హెపటైటిస్ సి పరీక్ష రాయడం వైద్యులకు అలవాటైపోయింది. అరుదుగా కనిపించే చోట అనుమానమే రాదు. పొట్టలో నీరు చేరిన మనిషి కల్లో, మందో తాగేవాడైతే జబ్బుకు కారణం తాగుడేనని ఇంట్లోవాళ్లూ, కొన్నిసార్లు వైద్యులూ అక్కడితో ఆగిపోతారు.

సోకే దారులు

వైరస్ ఒకరి రక్తం నుంచి మరొకరి రక్తంలోకి చేరాలి. కంటికి కనిపించని పరిమాణంలో రక్తం చాలు. వాడిన సిరంజిలో మిగిలిన రక్తంలో ఈ వైరస్ రెండు నెలల దాకా బతికి ఉండగలదని ప్రయోగశాల పరిశోధనలు చూపాయి. గది వాతావరణంలో ఎండిన రక్తపు మరకలో సైతం కొన్ని వారాలు ఉంటుంది.

మన పల్లెల్లో అన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సింది సూది గురించి. గద్వాల ప్రాంతమైన నడిగడ్డలో విత్తన పత్తి చేలలో రోజంతా వంగి పనిచేసినవాళ్లు, గద్వాలలో మగ్గం గుంటలో కూర్చునే నేతగాళ్లు, బొంబాయి, పుణె, హైదరాబాద్ నిర్మాణ పనులకు గుంపు మేస్త్రీ వెంట వెళ్లి తిరిగొచ్చిన పాలమూరు కూలీలు – ఒళ్లు నొప్పులు వీళ్ల జీవితంలో భాగం. మాత్రతో తగ్గే నొప్పికి కూడా సూది వేయించుకుంటేనే నమ్మకం. నీరసం అనిపిస్తే సెలైన్ ఎక్కించుకుంటే బలం వస్తుందనుకోవడం మరింత పాత అలవాటు. ఆ కోరిక తీర్చేది ఎక్కువగా ఊళ్లోని ఆర్‌ఎంపీ. రాత్రివేళ తలుపు తట్టినా లేచి వచ్చేది ఆయనే కాబట్టి ఆయన్ని ఒక్క మాటతో తీసిపారేయలేం. అయితే సిరంజి మార్చకపోవడం, సూది ఒక్కటి మార్చి గొట్టాన్ని అలాగే వాడటం, వాడిన సూదితో మందు సీసాను మళ్లీ గుచ్చడం అనే మూడు పొరపాట్లు వైరస్‌ను ఊరంతా తిప్పడానికి చాలు. మూడోది అన్నిటికంటే మోసకరమైనది. తరువాతి రోగికి కొత్త సిరంజి వాడినా, మందు అప్పటికే కలుషితమై ఉంటుంది.

ఇది ఒక్క పాలమూరు సమస్య కాదు. 2002–04లో ఇండియాక్లెన్ సంస్థ దేశవ్యాప్తంగా జరిపిన అధ్యయనంలో వేసిన ఇంజెక్షన్లలో 62.9 శాతం ఏదో ఒక విధంగా సురక్షితం కానివని తేలింది. ఆ తర్వాత ఒక్కసారి వాడి పారేసే సిరంజిలు చవకగా అందుబాటులోకి వచ్చాయి, టీకాల కార్యక్రమంలో మళ్లీ వాడటానికి వీల్లేని ఆటో డిజేబుల్ సిరంజిలు వచ్చాయి. పరిస్థితి బాగా మెరుగుపడింది. కానీ ఈ వ్యాధిలో నేటి రోగి నిన్నటి సూది ఫలితం. గాజు సిరంజిని వేడినీళ్ల డబ్బాలో ముంచి తీసి వరుసగా పదిమందికి వేసిన రోజుల్లో యువకులుగా ఉన్నవారు ఇప్పుడు యాభై, అరవై దాటినవాళ్లు. కాలేయం చెడే వయసు వారికి ఇదే.

సూదులు ఒక దేశాన్ని ఎంతగా దెబ్బతీయగలవో ఈజిప్టు చూపింది. నైలు నది పరీవాహక పల్లెల్లో నత్తల ద్వారా వ్యాపించే షిస్టోసోమియాసిస్ అనే పురుగుల జబ్బును తగ్గించడానికి అక్కడి ప్రభుత్వం 1980ల ఆరంభం దాకా దశాబ్దాల పాటు లక్షల మందికి టార్టార్ ఎమెటిక్ మందును సూదులతో ఎక్కించింది. గాజు సిరంజిలను సరిగా శుద్ధి చేయకుండా మళ్లీ మళ్లీ వాడారు. ఒక జబ్బును తగ్గించబోయి ప్రపంచంలోనే అత్యధిక హెపటైటిస్ సి ఉన్న దేశంగా ఈజిప్టు మారింది. అక్కడివారికి సూది వేసినవాళ్లెవరూ దుర్మార్గులు కారు. మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా శుభ్రత లోపిస్తే ఎంత నష్టం చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ వైద్య చరిత్రలో అరుదు.

రెండో దారి రక్తమార్పిడి. ఈ వైరస్‌ను 1989 దాకా గుర్తించనే లేదు. మన దేశంలో రక్తనిధి కేంద్రాల్లో ప్రతి సీసాకూ హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి అయింది ఈ శతాబ్దం తొలి ఏళ్లలోనే. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ఫలితంగా డబ్బులకు రక్తం అమ్మే పద్ధతిని 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. కాబట్టి పరీక్ష తప్పనిసరి కాకముందు కాన్పు సమయంలోనో, ప్రమాదం జరిగినప్పుడో, గర్భసంచి ఆపరేషన్‌లోనో రక్తం ఎక్కించుకున్నవారు ఒక్కసారి పరీక్ష చేయించుకోవాలి. తలసీమియా పిల్లలకు రెండు, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సి ఉంటుంది కాబట్టి వారికి ముప్పు ఎక్కువ. మూత్రపిండాలు చెడి వారానికి రెండు, మూడుసార్లు డయాలసిస్ చేయించుకునేవారిది కూడా అదే పరిస్థితి. జిల్లా, ఏరియా ఆస్పత్రుల్లో ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ కేంద్రాలు రావడంతో హైదరాబాద్ ప్రయాణం తప్పింది, ప్రాణాలు నిలుస్తున్నాయి. ఆ కేంద్రాల్లో చేతి తొడుగులు మార్చడం, యంత్రం పైభాగాన్ని తుడవడం, రోగులకు నిర్ణీత వ్యవధిలో హెపటైటిస్ పరీక్షలు చేయడం మందులంత ముఖ్యమైన విషయాలు.

జాతరలో ఒకే సూదితో, ఒకే సిరా గిన్నెతో వరుసగా వేసే పచ్చబొట్లు, తలనీలాలు తీసే చోట మార్చని కత్తి, ఇంట్లో పంచుకునే బ్లేడు, టూత్‌బ్రష్, గోళ్ల కత్తెర – వీటి వల్ల ముప్పు సూది కంటే తక్కువే, కానీ ఉంది. వైరస్ ఉన్న తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి ఐదారు. తల్లికి హెచ్‌ఐవీ కూడా ఉంటే ఇంకా ఎక్కువ. దంపతుల మధ్య లైంగికంగా సోకడం అరుదు.

ఎలా సోకదో చెప్పడం ఇంతే అవసరం. కలిసి తినడం, ఒకే బిందెలో నీళ్లు తాగడం, కౌగిలించుకోవడం, దగ్గు, తుమ్ము, దోమకాటు – వీటితో హెపటైటిస్ సి రాదు. చనుమొన పగిలి రక్తం కారుతుంటే తప్ప తల్లి పాలివ్వడం ఆపాల్సిన పని లేదు. రిపోర్టు వచ్చిన రోజే మనిషికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టే ఇళ్లున్నాయి. ఆ భయానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు, అది రోగికి చేసే అన్యాయం.

పసిరికలు రాని కాలేయ జబ్బు

పాలమూరులో కాలేయ జబ్బు అంటే పసిరికలే. కళ్లు పచ్చబడాలి, మూత్రం పసుపు రంగులో రావాలి, అన్నం సయించకూడదు. అప్పుడు ఫలానా ఊళ్లో పసరు పోస్తారని బయలుదేరతారు. నేల ఉసిరి నూరి తాగిస్తారు, ఉప్పూ నూనె లేని పథ్యం పెడతారు, కొన్నిచోట్ల వాత కూడా పెడతారు. రెండు, మూడు వారాల్లో చాలామందికి తగ్గిపోతుంది. తగ్గడానికి కారణం వేరు. కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు ఎక్కువమందిలో వాటంతట అవే పోతాయి. ఘనత మాత్రం పసరుకు దక్కుతుంది.

హెపటైటిస్ సి ఈ లెక్కకు అందదు. వైరస్ ప్రవేశించాక రెండు వారాల నుంచి ఆరు నెలల లోపు తొలి దశ నడుస్తుంది. పదిమందిలో ఎనిమిది మందికి ఈ దశలో లక్షణాలే ఉండవు. ఉన్నా కాస్త నీరసం, జ్వరం, ఆకలి తగ్గడం తప్ప పసిరికలు కనిపించడం తక్కువ. ఆరు నెలల్లో దాదాపు 30 శాతం మందిలో శరీరం వైరస్‌ను తనంతట తానే తరిమేస్తుంది. మిగిలిన 70 శాతం మందిలో అది స్థిరపడుతుంది. ఇది ఆర్‌ఎన్‌ఏ వైరస్. కాపీ అవుతున్నప్పుడల్లా తప్పులు చేస్తూ రూపం మార్చుకుంటుంది కాబట్టి రోగనిరోధక వ్యవస్థ దాన్ని పట్టుకోలేదు. టీకా తయారు కాకపోవడానికి ప్రధాన కారణం ఇదే. ఒకసారి వచ్చి నయమైనా మళ్లీ సోకవచ్చు.

ఈ వైరస్‌లో జన్యురూపాలు అనేకం ఉన్నాయి. భారతదేశంలో మూడో జన్యురూపం ఎక్కువ, తర్వాతి స్థానం ఒకటో రూపానిది. హైదరాబాద్‌లో జరిగిన పరిశోధనల్లోనూ ఈ రెండే ప్రధానంగా కనిపించాయి. మూడో రూపం కాలేయంలో కొవ్వు పేరుకునేలా చేస్తుంది, గట్టిపడటాన్ని వేగవంతం చేస్తుంది.

ఇరవై ఏళ్ల తర్వాత

కాలేయంలో వైరస్ ఉన్నంత కాలం చిన్నపాటి మంట ఆరకుండా సాగుతుంది. దెబ్బతిన్న కణాల చోట పీచులాంటి మచ్చ కణజాలం ఏర్పడుతుంది. ఈ స్థితిని వైద్యులు ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా కొలుస్తారు. ఎఫ్4 అంటే సిర్రోసిస్. కాలేయం గడ్డలు గడ్డలుగా మారి, దాని గుండా రక్తం సాఫీగా పారలేని దశ. దీర్ఘకాలిక హెపటైటిస్ సి ఉన్నవారిలో 15 నుంచి 30 శాతం మంది ఇరవై ఏళ్లలో ఈ స్థితికి చేరుకుంటారు. మిగతావారిలో అది మరింత నెమ్మదిగా నడుస్తుంది, కొందరిలో ఎప్పటికీ రాదు. ఎవరిలో వస్తుందో ముందే చెప్పలేం కాబట్టే అందరికీ చికిత్స చేయాలన్నది నేటి వైద్య విధానం.

వేగాన్ని పెంచే కారణాలు తెలిసినవే. మొదటిది మద్యం. పాలమూరులో కల్లు సామాజిక జీవితంలో కలిసిపోయింది. పండుగకూ, చావుకూ, పనిలోంచి వచ్చిన సాయంత్రానికీ కల్లు ఉంటుంది. తాటి, ఈత చెట్టు నుంచి దించిన కల్లు ఒకటైతే, డైజపామ్, ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు మరొకటి. ఆ మత్తుమందులు చెడిన కాలేయం ఉన్న మనిషిని నేరుగా మతిభ్రమణలోకి నెట్టగలవు. వైరస్ ఉన్న కాలేయానికి ఏ మద్యమైనా ఎంత తక్కువైనా మంచిది కాదు, సురక్షితమైన మోతాదు అంటూ లేదు. మధుమేహం, ఊబకాయం వల్ల వచ్చే కాలేయ కొవ్వు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి తోడుగా ఉండటం, నలభై దాటాక సోకడం, మగవారు కావడం కూడా జబ్బును ముందుకు నెడతాయి.

సిర్రోసిస్ వచ్చాక కూడా కొన్నేళ్లు మనిషి మామూలుగానే పొలం పనులు చేసుకుంటాడు. ఏటా నూటికి ముగ్గురు నుంచి ఆరుగురిలో కాలేయం చేతులెత్తేస్తుంది. అప్పుడు కనిపించేవి ఊళ్లో అందరికీ తెలిసిన లక్షణాలే: పొట్టలో నీరు చేరి బిగుసుకోవడం, కాళ్లు వాయడం, చేతులూ మెడా చిక్కిపోవడం. అన్నవాహికలోని రక్తనాళాలు ఉబ్బి ఒక రాత్రి హఠాత్తుగా రక్తపు వాంతి అవుతుంది, లేదా తారులా నల్లగా విరేచనం అవుతుంది. కాలేయం వడకట్టాల్సిన విషాలు మెదడును చేరి మనిషి పగలు నిద్రపోతాడు, రాత్రి మేలుకుంటాడు, తేదీలు మరిచిపోతాడు, మాట తడబడుతుంది. తాగి ఉన్నాడనో, గాలి సోకిందనో పొరబడి తాయెత్తు కట్టించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అది మలబద్ధకం, ఇన్ఫెక్షన్, నిద్రమాత్ర లాంటి చిన్న కారణంతో మొదలయ్యే అత్యవసర స్థితి. వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. పసిరికలు ఈ దశలో కనిపిస్తాయి. అంటే జనం కాలేయ జబ్బుకు మొదటి గుర్తుగా చూసేది హెపటైటిస్ సిలో దాదాపు చివరి గుర్తు. కాలేయం ఇలా విఫలమైనవారిలో చికిత్స లేకుంటే మరుసటి ఏడాదిలోనే 15 నుంచి 20 శాతం మంది చనిపోతారు.

సిర్రోసిస్ ఉన్నవారిలో ఏటా నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా కాలేయ క్యాన్సర్ వస్తుంది. గడ్డ చిన్నగా ఉండగా కనిపెడితే కోసి తీసేయవచ్చు, మాడ్చేయవచ్చు. కనిపెట్టాలంటే ఆరు నెలలకోసారి కడుపు స్కానింగ్ చేయించుకోవాలి. నొప్పి మొదలయ్యాక వచ్చినవారికి మిగిలే మార్గాలు చాలా తక్కువ. కాలేయ మార్పిడి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన జీవన్‌దాన్ పథకం ద్వారా అవయవాలు అందుతున్నాయి, హైదరాబాద్‌లోని ఉస్మానియా ఆస్పత్రిలోనూ ఈ శస్త్రచికిత్సలు చేశారు. కానీ నల్లమల అంచు గ్రామం నుంచి వచ్చిన కూలీ కుటుంబానికి అది ఎంత దూరమో వేరే చెప్పనక్కరలేదు.

వైరస్ ప్రభావం కాలేయంతో ఆగదు. రక్తంలో క్రయోగ్లోబ్యులిన్లు అనే ప్రొటీన్లు పేరుకుని కాళ్ల మీద ఎర్రని మచ్చలు, కీళ్ల నొప్పులు, నరాల తిమ్మిరి తెస్తాయి. మూత్రపిండాల వడపోత దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోతుంది. కొన్ని రకాల లింఫోమా క్యాన్సర్లు, నోటిలో తెల్లని చారలు వేసే లైకెన్ ప్లానస్, రెండో రకం మధుమేహం ఈ రోగుల్లో ఎక్కువ. అన్నిటికంటే ఎక్కువమంది చెప్పేది ఎడతెగని అలసట. రెక్కల కష్టం మీద బతికే ఇంట్లో ఆ అలసట కూలీ నష్టం కింద లెక్కకు వస్తుంది, జబ్బు కింద రాదు.

వైరస్ నుంచి మాత్ర దాకా

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో హార్వే ఆల్టర్ 1970లలో రక్తం ఎక్కించుకున్న రోగుల్లో ఎ, బి వైరస్‌లు రెండూ కాని హెపటైటిస్ ఒకటుందని గుర్తించారు. 1989లో కైరాన్ సంస్థకు చెందిన మైఖేల్ హాటన్, క్వీ-లిమ్ చూ, జార్జ్ క్యువో బృందం ఆ వైరస్‌ను దాని జన్యుపదార్థం ద్వారా పట్టుకుంది. చార్లెస్ రైస్ ఆ వైరస్ ఒక్కటే జబ్బు తేగలదని రుజువు చేశారు. ఆల్టర్, హాటన్, రైస్‌లకు 2020లో వైద్యశాస్త్ర నోబెల్ లభించింది.

తొలి చికిత్స ఇంటర్‌ఫెరాన్ సూదులు, రిబావిరిన్ మాత్రలు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాడాలి. జ్వరం, రక్తహీనత, మానసిక కుంగుబాటు తప్పేవి కావు. అంత బాధ భరించినా దాదాపు సగం మందికే నయమయ్యేది. 2013 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన సోఫోస్‌బువిర్ ఈ చిత్రాన్ని తలకిందులు చేసింది. ధర మాత్రం 12 వారాలకు 84 వేల డాలర్లు, అంటే రోజుకో వెయ్యి డాలర్ల మాత్ర.

ఇక్కడ తెలుగు నేల కథలోకి వస్తుంది. సోఫోస్‌బువిర్‌ను తెచ్చిన గిలియడ్ సంస్థ 2014 సెప్టెంబరులో భారతీయ కంపెనీలకు లైసెన్సులు ఇచ్చినప్పుడు ఆ తొలి జాబితాలో హైదరాబాద్‌కు చెందిన హెటెరో ఉంది. 2015లో నాట్కో ఫార్మా తన సోఫోస్‌బువిర్ మాత్రను మొదట నేపాల్‌లో విడుదల చేసింది, ఆ ఏడాదే తానూ లైసెన్సు తీసుకుంది. అరబిందో ఫార్మా కూడా ఆ వరుసలో చేరింది. పోటీ పెరిగి భారతదేశంలో మందు ధర అమెరికా ధరలో ఒక శాతానికంటే కిందికి దిగింది. నాట్కో కర్మాగారం ఉన్న కొత్తూరు 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. హెటెరో, అరబిందోల మాత్రల తయారీ కేంద్రాలు జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో ఉన్నాయి. ప్రపంచంలోని పేద దేశాలకు ఈ వ్యాధికి చవక మందు అందించిన కంపెనీల కర్మాగారాలు పాత పాలమూరు జిల్లా నేల మీదే ఉన్నాయి. అదే మందు గోపాల్‌పేట, అచ్చంపేట, అలంపూర్ పల్లెల్లో అవసరమైన ప్రతి ఒక్కరికీ చేరాలని కోరుకోవడం అత్యాశ కాదు.

చవక మందు, ప్రభుత్వ పట్టుదల కలిస్తే ఏం జరుగుతుందో కూడా ఈజిప్టే చూపింది. 2018 అక్టోబరులో మొదలుపెట్టిన ప్రచారంలో ఏడు నెలల్లో దాదాపు 5 కోట్ల మందిని పరీక్షించారు. మొత్తం మీద 40 లక్షల మందికి పైగా చికిత్స అందించారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెపటైటిస్ సి నిర్మూలన మార్గంలో ఆ దేశానికి స్వర్ణ స్థాయి గుర్తింపు ఇచ్చింది. మన దగ్గర పంజాబ్ 2016లో ముఖ్యమంత్రి హెపటైటిస్ సి సహాయ నిధితో ఉచిత చికిత్స మొదలుపెట్టింది.

పరీక్ష, చికిత్స

జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జులై 28న ప్రారంభమైంది. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్న బరూచ్ బ్లంబర్గ్ పుట్టినరోజైన ఆ తేదీని ప్రపంచ హెపటైటిస్ దినంగా పాటిస్తారు. ఈ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు రెండూ ఉచితం.

పరీక్ష రెండు మెట్లలో జరుగుతుంది. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతోనో, చేతి నుంచి తీసిన నమూనాతోనో ముందు యాంటీబాడీ పరీక్ష చేస్తారు. అందులో పాజిటివ్ వస్తే వైరస్ ఇప్పటికీ ఉన్నట్టు కాదు, ఎప్పుడో ఒకప్పుడు సోకిందని మాత్రమే అర్థం. నయమైనవారిలోనూ యాంటీబాడీలు జీవితాంతం ఉంటాయి. ఈ ఒక్క విషయం తెలియక నయమైనా భయపడేవారు, గల్ఫ్ ఉద్యోగపు వైద్య పరీక్షలో యాంటీబాడీ పాజిటివ్ అని తేలి కుంగిపోయేవారు ఉన్నారు. రెండో మెట్టు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. వైరస్ ఉందో లేదో తేల్చేది అదే. క్షయ నిర్ధారణకు వాడే ట్రూనాట్, జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రాల మీదే ఈ పరీక్ష కూడా చేయవచ్చు. ఈ రెండు మెట్ల మధ్యే ఎక్కువమంది జారిపోతారు. మొదటి పరీక్ష ఊళ్లో, రెండోది పట్నంలో అంటే కూలీ పోగొట్టుకుని బస్సెక్కేవారు తక్కువ. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. యాంటీబాడీ పాజిటివ్ వచ్చినవారి నమూనాను అదే రోజు జిల్లాలోనే ఆర్‌ఎన్‌ఏ పరీక్షకు పంపే ఏర్పాటు ఈ కళాశాలలు చేయగలిగిన అతి విలువైన పని.

సిర్రోసిస్ లేనివారికి సోఫోస్‌బువిర్, డాక్లాటాస్విర్ కలిపి 12 వారాలు ఇస్తారు. సిర్రోసిస్ ఉన్నవారికి సోఫోస్‌బువిర్, వెల్పాటాస్విర్ కలయిక వాడతారు. కాలేయం విఫలమైన దశలో రిబావిరిన్ జోడించడమో, 24 వారాలకు పొడిగించడమో చేస్తారు. దుష్ప్రభావాలు స్వల్పం. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పక చేయాలి, ఎందుకంటే సి పోగానే అణగి ఉన్న బి విజృంభించవచ్చు. మందు ముగిశాక 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ కనిపించకపోతే నయమైనట్టే. వలస వెళ్లే కుటుంబాలకు ఈ 12 వారాలు దసరా, సంక్రాంతి మధ్య గడువంత. మేస్త్రీతో బయలుదేరే ముందే మందు మొదలుపెట్టి, తర్వాతి నెలల మాత్రలు పని చేసే ఊళ్లోని ప్రభుత్వ కేంద్రంలో అందేలా రాయించుకోవడం మేలు. మధ్యలో మానేస్తే వైరస్ తిరగబెట్టే ప్రమాదం ఉంది.

నయమైతే కాలేయంలో మంట ఆగుతుంది. గట్టిపడటం చాలామందిలో వెనక్కి తగ్గుతుంది. క్యాన్సర్ ముప్పు బాగా పడిపోతుంది, కానీ అప్పటికే సిర్రోసిస్ ఉన్నవారిలో సున్నా కాదు. అందుకే వారు వైరస్ పోయాక కూడా ఆరు నెలలకోసారి స్కానింగ్ ఆపకూడదు. ఎంత త్వరగా కనిపెడితే అంత కాలేయం మిగులుతుంది.

ప్రపంచవ్యాప్తంగా 2022 చివరి నాటికి వ్యాధి ఉన్నవారిలో 36 శాతం మందికే నిర్ధారణ జరిగింది, 20 శాతం మందికే చికిత్స అందింది. 2030 నాటికి కొత్త ఇన్ఫెక్షన్లను 90 శాతం, మరణాలను 65 శాతం తగ్గించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. మంచినీటి బావుల దగ్గర మెట్లు పూడ్చి, నీళ్లు వడకట్టి తాగించి నారికురుపును తరిమేసిన దేశం మనది. 2000లో ఆ గుర్తింపు వచ్చింది. దానికి మందూ లేదు, టీకా లేదు. హెపటైటిస్ సికి మందు ఉంది.

2002కు ముందు రక్తం ఎక్కించుకున్నవారు, డయాలసిస్‌లో ఉన్నవారు, తరచూ సూదులు, సెలైన్లు వేయించుకున్నవారు, పచ్చబొట్టు పొడిపించుకున్నవారు, హెచ్‌ఐవీ ఉన్నవారు, ఆస్పత్రుల్లో సూది గుచ్చుకున్న సిబ్బంది, హెపటైటిస్ సి ఉన్న తల్లులకు పుట్టిన పిల్లలు, కారణం తెలియకుండా కాలేయ పరీక్షలు తేడాగా వచ్చినవారు – వీరంతా ప్రభుత్వ దవాఖానలో ఒక్కసారి యాంటీబాడీ పరీక్ష అడిగి చేయించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా సూది వేస్తుంటే కొత్త సిరంజి ప్యాకెట్ మీ కళ్ల ముందు చింపమని అడగండి. మాత్రతో తగ్గేదానికి సూది అడగకండి.